మినహాయింపు బిడ్డకే, మనకు కాదు

మేధో వైకల్యంతో పుట్టిన బిడ్డ గురించి మన ఇళ్లలో పెద్దలు తరచు ఒక మాట అంటుంటారు: "వాడికేం, సీదా జన్నతీ!" ఆ మాటకు ధార్మిక ఆధారం ఉంది. పసివారిపై నుంచి, బుద్ధి వికసించని వారిపై నుంచి కర్మలు నమోదు చేసే కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) బోధించారు. అటువంటి బిడ్డకు నమాజు విధి కాదు, రోజా విధి కాదు. తనలోని లోటుకు ఆ బిడ్డ సంజాయిషీ ఇచ్చుకోనక్కర లేదు. దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులకు ఇంతకు మించిన ఊరట మరొకటి ఉండదు.

అయితే ఈ ఊరట చాటున ఒక ముఖ్య విషయం మరుగున పడిపోతోంది. కలం ఎత్తివేయబడింది బిడ్డపై నుంచి మాత్రమే. ఆ బిడ్డను పెంచే తల్లిదండ్రులకు, బంధువులకు, మహల్లా పెద్దలకు ఆ మినహాయింపు వర్తించదు. ప్రతి వ్యక్తీ ఒక కాపరి అని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారని బోధించింది కూడా ఆ ప్రవక్తే (స). తన పక్షాన తాను మాట్లాడుకోలేని బిడ్డ విషయంలో మన జవాబుదారీ మరింత పెరుగుతుంది. అన్నం పెట్టామా, బట్ట కట్టామా అన్నంతటితో ఆ లెక్క ముగియదు. నేర్చుకోగలిగినంత మేరకు నేర్పించామా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. ఈ నెల ఆ ప్రశ్న గురించే ఆలోచిద్దాం.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. వారిలో 5 నుంచి 19 సంవత్సరాల వయసు గల పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మంది ఏనాడూ బడి గడప తొక్కలేదు. ప్రభుత్వ బడి ఉండీ, చట్టం ఉండీ, ఆ పిల్లల కోసం ప్రత్యేకంగా నియమించబడిన ఉపాధ్యాయులు ఉండీ ఇలా జరగడానికి కారణాలు కొన్ని బడిలో ఉన్నాయి, కొన్ని మన ఇళ్లలోనే ఉన్నాయి.

నేర్చుకోవడానికి వచ్చిన అంధుడు

మక్కాలో ఒకనాడు దైవప్రవక్త (స) ఖురైషు నాయకులతో సంభాషిస్తున్నారు. వారు సత్యాన్ని స్వీకరిస్తే మరెందరికో దారి సుగమమవుతుందన్నది ఆయన ఆశ. అదే సమయంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధ సహాబీ అక్కడికి వచ్చి, తనకు ధర్మం బోధించమని కోరారు. మధ్యలో మాట తెగినందుకు ప్రవక్త (స) ముఖం చిట్లించి, నాయకుల వైపే దృష్టి నిలిపారు. ఈ సందర్భంలోనే 'అబస' సూరా అవతరించింది. తపనతో పరుగున వచ్చినవానిని ఉపేక్షించి, లక్ష్యపెట్టని వారికి ప్రాధాన్యమివ్వడం సరి కాదని అల్లాహ్ తన ప్రియ ప్రవక్తను మందలించాడు. ఆ ముఖ కవళికను ఆ అంధుడు చూడనే లేదు. అయినా ప్రళయం వరకు పారాయణం చేయబడే గ్రంథంలో ఆ ఘటన శాశ్వతంగా నిలిచిపోయింది.

ఈ వృత్తాంతాన్ని మనం ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. అయితే ఆ సహాబీ వచ్చిన పని ఏమిటన్నది అంతగా గమనించం. ఆయన భిక్ష కోరి రాలేదు. చూపు ప్రసాదించమని వేడుకోవడానికీ రాలేదు. నేర్చుకోవడానికి వచ్చారు. వికలాంగుల హక్కు అనగానే మనకు దానధర్మాలు గుర్తుకొస్తాయి. దివ్యఖుర్ఆన్ మాత్రం ఒక అంధుని పక్షాన నిలిచి మాట్లాడిన ఆ సందర్భంలో అతని విద్య గురించి మాట్లాడింది.

తదనంతర కాలంలో ఆ సహాబీయే మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ముఅజ్జిన్‌గా సేవలందించారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లిన పలు సందర్భాల్లో ఆయనను మదీనాలో తన ప్రతినిధిగా నియమించారు. సహాబాల తర్వాతి తరంలో మక్కా నగరానికి ముఫ్తీగా వెలిసిన అతా బిన్ అబీ రబాహ్ గారు కుంటివారు, ఒక కంటికి చూపు లేనివారు. జీవిత చరమాంకంలో రెండో కంటి చూపు కూడా కోల్పోయారు. అయినా హజ్ దినాల్లో జనం ఫత్వాల కోసం ఆయన వద్దకే వెళ్లేవారు. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ తన పాలనా కాలంలో (క్రీ.శ. 705–715) నడవలేని వారికి సహాయకుణ్ణి, అంధులకు దారి చూపే మనిషిని ప్రభుత్వం తరపున ఏర్పాటు చేశాడని చరిత్రకారులు నమోదు చేశారు. నేడు ప్రభుత్వ బడిలో వికలాంగ విద్యార్థిని వెంట తీసుకువచ్చే వ్యక్తికి ఇచ్చే 'ఎస్కార్ట్ అలవెన్సు' గురించి వింటే మనకు కొత్తగా తోస్తుంది. ఆ భావన మన చరిత్రలో పదమూడు శతాబ్దాల నాటిది.

సహనం పేరిట నిర్లక్ష్యం

మన కుటుంబాల్లో ఇటువంటి బిడ్డ బడికి దూరం కావడానికి ముఖ్యంగా మూడు మాటలు కారణమవుతున్నాయి.

మొదటిది, "అల్లాహ్ రాత, సబ్ర్ చేయాలి" అన్న మాట. విధిని విశ్వసించడం ఈమాన్‌లో భాగమే. కానీ వ్యాధి వస్తే చికిత్స పొందమని ఆదేశించింది కూడా దైవప్రవక్తే (స). ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధన మనకు తెలిసిందే. బిడ్డ వైకల్యాన్ని ఫిర్యాదు లేకుండా స్వీకరించడం సబ్ర్. ఆ బిడ్డకు అందగల విద్యను అందకుండా చేసి దానికి సబ్ర్ అని పేరు పెట్టడం ఆ గొప్ప గుణానికి అన్యాయం చేయడమే అవుతుంది.

రెండోది, "ఎవరి దిష్టో తగిలింది" అన్న మాట. రెండేళ్లు దాటినా మాటలు రాని బిడ్డను, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని బిడ్డను తాయెత్తుల కోసం ఊరూరా తిప్పుతూ సంవత్సరాలు గడిపేస్తున్నాం. దుఆ చేయండి, ఖుర్ఆన్ పారాయణం చేసి ఊదండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ వినికిడి పరీక్ష చేయించడానికి ఆ దుఆ ఏ విధంగానూ అడ్డు రాదు కదా! వినికిడి లోపం గాని, ఆటిజం గాని ఎంత చిన్న వయసులో గుర్తిస్తే అంత ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. తాయెత్తు కోసం పోగొట్టుకున్న మూడేళ్లను ఏ ఆమిలూ తిరిగి ఇవ్వలేడు.

మూడోది, "నలుగురికీ తెలిస్తే ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయి" అన్న భయం. ఈ భయం వల్ల బిడ్డ వెనక గదికి పరిమితమవుతున్నాడు. చుట్టాలు వచ్చినప్పుడు తలుపు మూతపడుతోంది. ఒకరినొకరు అవమానకరమైన పేర్లతో పిలుచుకోవద్దని 'హుజురాత్' సూరాలో అల్లాహ్ స్పష్టంగా నిషేధించాడు. అయినా మన వీధుల్లో గూంగా, లంగ్డా, పాగల్ అన్న పేర్లు పుట్టుపేర్లను మింగేస్తూనే ఉన్నాయి. తప్పు బిడ్డది కాదు, తల్లిది అసలే కాదు. ఇటువంటి బిడ్డను కన్నందుకు కోడలిని నిందించే అత్తమామలు, ఆ భారమంతా ఆమెపై వదిలి తప్పుకునే భర్తలు ఈ విషయంలో అల్లాహ్‌కు భయపడాలి.

చట్టం ఏమంటోంది

2009లో వచ్చిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 సంవత్సరాల ప్రతి బిడ్డకూ సమీపంలోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు కల్పించింది. 2012లో ఆ చట్టాన్ని సవరించి, వికలాంగ బాలలను ప్రత్యేకంగా పేర్కొన్నారు. బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దనే విద్య పొందే హక్కును కూడా చేర్చారు.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 1995 నాటి పాత చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించగా, కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, తలసీమియా, అక్షరాలు చదవడంలో రాయడంలో తీవ్రమైన ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. 40 శాతం, అంతకు పైబడిన వైకల్యం ఉన్న పిల్లలకు 18 సంవత్సరాలు నిండే వరకు ఉచిత విద్య పొందే హక్కు ఈ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. ఆ విద్య సమీపంలోని సాధారణ బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది ఎంచుకునే అధికారం బిడ్డ పక్షానిదే. "ఇటువంటి పిల్లలకు ఇక్కడ చోటు లేదు, ప్రత్యేక బడికి తీసుకెళ్లండి" అని ప్రధానోపాధ్యాయుడు తిప్పి పంపడానికి వీల్లేదు.

ఇక్కడ మన కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ప్రధానంగా ధార్మిక విద్యను బోధించే మద్రసాలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2012 సవరణలోనే పేర్కొన్నారు. బిడ్డను మద్రసాలో మాత్రమే చేర్పించి, ప్రభుత్వ బడిలో పేరు నమోదు చేయించకపోతే ఈ చట్టం కింద బడి ద్వారా అందే సేవలు ఆ బిడ్డకు చేరవు. ధార్మిక విద్య ఉదయమో సాయంత్రమో కొనసాగించండి, పేరు మాత్రం సర్కారు బడి రిజిస్టరులో ఉండేలా చూడండి. అది ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ బడి అయినా ఇవే హక్కులు వర్తిస్తాయి.

బడి ద్వారా అందేవి ఏమిటి

2018 నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సమగ్ర శిక్షా పథకం కింద ఈ సేవలు అందిస్తున్నాయి. ఈ పథకంలో ప్రత్యేక అవసరాలు గల ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల చొప్పున కేటాయింపు ఉంది. ఆ మొత్తం నగదుగా చేతికి రాదు. గుర్తింపు శిబిరాలు, ఉపకరణాలు, బోధన సామగ్రి, రవాణా, ఎస్కార్ట్ భత్యాలు, చికిత్సా సేవలు వంటి వాటికి వెచ్చించబడుతుంది. ప్రత్యేక అవసరాలు గల బాలికలకు మాత్రం నెలకు 200 రూపాయల చొప్పున ఏడాదిలో 10 నెలలు ఉపకార వేతనం ఇవ్వాలన్న నిబంధన అదనంగా ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఈ సేవలకు కేంద్ర బిందువు 'భవిత' కేంద్రం. మండల స్థాయిలో పనిచేసే ఈ కేంద్రాల్లో ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్సు ఉపాధ్యాయులు ఉంటారు. బడికి నేరుగా వెళ్లలేని పిల్లలు ముందు ఇక్కడికి వచ్చి కూర్చోవడం, తినడం, మరుగుదొడ్డి వాడటం, తన అవసరం చెప్పడం, రంగులు, అంకెలు, అక్షరాలు గుర్తించడం వంటివి నేర్చుకుంటారు. ఆ తర్వాత సాధారణ తరగతికి మారతారు. నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామాలు చేయిస్తారు. సాధారణ బడిలో చదువుతున్న పిల్లల కోసం రిసోర్సు ఉపాధ్యాయులు ఆ బడులకు వెళ్తారు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు కూడా వెళ్లి నేర్పిస్తారు. చక్రాల కుర్చీలు, కాలిపర్లు, వినికిడి యంత్రాలు, బ్రెయిలీ సామగ్రి వంటివి శిబిరాల ద్వారా అందుతాయి.

పరీక్షల విషయంలోనూ వెసులుబాట్లు ఉన్నాయి. అదనపు సమయం, రాయలేని వారికి స్క్రైబ్ సహాయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి 2016 చట్టంలోనే ఉన్నాయి. స్క్రైబ్ అవసరమైన వారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. చాలామంది తల్లిదండ్రులు వీటిని అడగడానికి వెనకాడతారు, బిడ్డకు దొంగదారి చూపినట్లు భావిస్తారు. ఇటువంటి సంకోచానికి మన ధర్మంలో చోటు లేదు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేయవచ్చునన్న వెసులుబాటును మనం రుఖ్సత్ అంటాం. కూర్చుని చేసిన రోగి నమాజును ఎవరైనా సగం నమాజు అంటారా? పరీక్షలో అదనపు సమయం కూడా అటువంటి రుఖ్సతే.

ఎక్కడ మొదలుపెట్టాలి

ముందుగా మీ ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ బడికి వెళ్లి బిడ్డ పేరు నమోదు చేయించండి. వైకల్య ధ్రువీకరణ పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదు. ప్రవేశం ముందు, పత్రం తర్వాత. దరఖాస్తులో బిడ్డ వైకల్యాన్ని దాచకుండా రాయండి. దాచితే తరగతిలో ఒక సాధారణ విద్యార్థిగానే లెక్కించబడతాడు, సేవలేవీ అందవు.

తర్వాత మండల విద్యా వనరుల కేంద్రానికి వెళ్లి, భవిత కేంద్రం ఎక్కడుందో, రిసోర్సు ఉపాధ్యాయులు ఎవరో తెలుసుకోండి. మీ బిడ్డ ఏం చేయగలడో, ఏం చేయలేడో వారికి వివరంగా చెప్పండి. ఈ ఏడాది ఏం నేర్పాలన్నది వారితో కూర్చుని రాయించుకోండి. "చదువు రావాలి" అన్న లక్ష్యం కొలవడానికి అందదు. "సంక్రాంతి సెలవుల నాటికి తన చెంచాతో తాను తినాలి", "రంజాన్ నాటికి పది వరకు లెక్కపెట్టాలి" అన్నవి కొలవగల లక్ష్యాలు.

ధ్రువీకరణ పత్రం కోసం ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా సదరం శిబిరానికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. దేశమంతటా చెల్లుబాటయ్యే యూడీఐడీ కార్డు కోసం కూడా దరఖాస్తు చేయండి. అరేళ్లలోపు పిల్లలైతే బడి వయసు వచ్చేదాకా ఆగనవసరం లేదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించే వైద్య బృందాలున్నాయి. లోపం కనిపిస్తే జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు.

మరింత లోతైన పరీక్ష అవసరమైన వారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ 1984 నుంచి పనిచేస్తోంది. వినికిడి, మాట సమస్యలకు సంబంధించి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ చాన్సలర్‌గా పనిచేసిన హైదరాబాదీ పేరున దేశమంతటి బధిరుల కోసం ఒక సంస్థ వెలిసిందన్న సంగతి మన పిల్లలకు చెప్పదగినది.

బడి ప్రవేశం నిరాకరిస్తే మాటలతో వాదించి తిరిగి రావద్దు. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఒక ప్రతిపై అందినట్లు సంతకం తీసుకోండి. మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి ఫిర్యాదు చేయండి. అక్కడా పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌ను ఆశ్రయించే హక్కు మీకుంది.

ఇంటి భాష, బడి భాష

మన ఇళ్లలో చాలావరకు ఉర్దూ మాట్లాడతాం. భవిత కేంద్రంలో రిసోర్సు ఉపాధ్యాయులు తెలుగులో నేర్పుతారు. మాటలు ఆలస్యమైన బిడ్డకు ఇది కొంత గందరగోళం కలిగిస్తుంది. ఇంట్లో "పానీ" అన్నది అక్కడ "నీళ్లు" అవుతుంది. ఉపాధ్యాయురాలు "ఇలా రా" అంటే బిడ్డ కదలకపోవచ్చు. మాట అర్థం కాలేదని తెలియక, బిడ్డకు బుద్ధి లేదని నమోదు చేసే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎక్కువగా వాడే ముప్పై నలభై మాటలను తెలుగు అర్థాలతో, తెలుగు లిపిలో కాగితంపై రాసి ఉపాధ్యాయురాలికి ఇవ్వండి. పానీ, ఖానా, దర్ద్, బస్, ఔర్, అమ్మీ, అబ్బా వంటి మాటలతో మొదలుపెట్టండి. పరీక్షించే వైద్యులకు కూడా ఇంటి భాష ఏదో ముందే తెలపండి. రెండు భాషలు వినడం వల్లనే బిడ్డకు మాటలు రావడం లేదన్న అభిప్రాయం సరి కాదు. అందుకోసం ఇంటి భాషను మానుకోవలసిన పని లేదు.

ఆడపిల్లల విషయంలో

వైకల్యం ఉన్న ఆడపిల్ల చదువుకు మన ఇళ్లలో రెండు తాళాలు పడతాయి, ఒకటి వైకల్యం, రెండోది ఆడపిల్ల కావడం. ఆమె భద్రత గురించి తల్లిదండ్రులు భయపడటంలో అర్థముంది, ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అందుకు పరిష్కారం బడి వారితో మాట్లాడటంలో ఉంది. ఆమెను ఎవరు తీసుకెళ్తారు, మరుగుదొడ్డికి ఎవరు సాయం చేస్తారు, సాయంత్రం వరకు ఎవరి పర్యవేక్షణలో ఉంటుంది అని నిర్మొహమాటంగా అడగండి. రాకపోకలకు తల్లిగాని నమ్మకమైన బంధువుగాని వెంట ఉంటే ఎస్కార్ట్ భత్యం గురించి విచారించండి. ఎవరైనా అనుచితంగా తాకితే గుర్తుపట్టి చెప్పడం ఆమెకు నేర్పించండి. మాట రాని పిల్ల కూడా సైగతో చెప్పగలదు. నేర్పని పిల్లకు ఇంట్లో కూడా భద్రత ఉండదన్నది చేదు నిజం.

ఇంటి వద్ద విద్య అన్న హక్కు కదలలేని బిడ్డ కోసం ఏర్పడింది. నడవగలిగిన పిల్లను నలుగురి కంటా పడకుండా ఉంచడానికి ఆ వెసులుబాటును వాడుకోవడం తగదు. కుమార్తెలను ఆదరంతో పెంచినవారికి స్వర్గ శుభవార్త ఇచ్చిన దైవప్రవక్త (స) ఆ మాట అనేటప్పుడు ఏ కుమార్తెనూ మినహాయించలేదు.

లోటుపాట్లు లేవా?

ఉన్నాయి, చాలానే ఉన్నాయి. ఒకరిద్దరు రిసోర్సు ఉపాధ్యాయులు మండలంలోని గ్రామాలన్నీ తిరగవలసి వస్తోంది. అటువంటప్పుడు ఒక్కో బిడ్డకు దక్కే సమయం కొద్దిగంటలే. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతుల్లో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో నిర్దేశించింది. ఆ నిష్పత్తి కాగితాలపై నుంచి తరగతి గదిలోకి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. ర్యాంపు ఉన్న బడిలో మరుగుదొడ్డి తలుపు చక్రాల కుర్చీ పట్టనంత ఇరుకుగా ఉండటం, వినికిడి యంత్రం ఇచ్చాక బ్యాటరీ అయిపోతే మూలన పడటం మనం చూస్తూనే ఉన్నాం.

ఈ లోటుపాట్లను చూపి బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల అవి తీరవు. బడి రిజిస్టరులో పది మంది పేర్లు ఉంటేనే ఒక ఉపాధ్యాయ పోస్టు గురించి అడిగే ఆధారం ఏర్పడుతుంది. దాచిన బిడ్డ ప్రభుత్వ లెక్కలో లేని బిడ్డ. లెక్కలో లేనివారి కోసం ఏ పోస్టూ మంజూరు కాదు. ఉపాధ్యాయుడు వారంలో నేర్పే కొద్దిగంటల పాఠం నిలవాలంటే మిగిలిన సమయమంతా ఇంట్లో దాన్ని కొనసాగించాలి. ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాన్ని తండ్రి ఫజ్ర్ నమాజు తర్వాత పావుగంట, అన్నయ్య మగ్రిబ్ తర్వాత పావుగంట చేయిస్తే తల్లికి కాస్త ఊపిరి ఆడుతుంది, బిడ్డ కాళ్లకు బలమూ వస్తుంది.

మసీదు ఏం చేయగలదు

బడిని నిలదీసే ముందు మన మసీదు మెట్ల వైపు ఒకసారి చూసుకోవాలి. ఎన్ని మసీదుల్లో చక్రాల కుర్చీ లోపలికి వెళ్లగలదు? వుజూఖానాలో కూర్చోలేని కుర్రవాడికి ఒక ఎత్తైన పీట ఉందా? ఖుత్బా వినలేని బధిర యువకులకు సైగల భాషలో ఎవరైనా వివరిస్తున్నారా? మక్తబ్‌లో ఆలస్యంగా నేర్చుకునే బిడ్డకు దెబ్బలు తప్ప మరో పద్ధతి ఉందా? బ్రెయిలీ లిపిలో ఖుర్ఆన్ ప్రతులు లభిస్తున్నాయి. మహల్లాలోని అంధ బాలునికి ఒక ప్రతి తెప్పించడం మసీదు కమిటీకి పెద్ద భారమేమీ కాదు.

హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)ను ఇమామ్‌గా నియమించినప్పుడు దైవప్రవక్త (స) ఆయనకు ఒక నియమం బోధించారు. వెనక నిలబడిన వారిలో అందరికంటే బలహీనుణ్ణి దృష్టిలో ఉంచుకుని నమాజు చేయించాలన్నది దాని సారాంశం. జమాఅత్ వేగాన్ని నిర్ణయించేది బలవంతుడు కాదు, బలహీనుడు. తరగతి గదికి కూడా ఇంతకంటే మంచి సూత్రం దొరకదు. మన మక్తబ్ ఉస్తాదులు ఈ సూత్రాన్ని ముందు తమ చాపపై పాటిస్తే, పక్కనే ఉన్న బడిని కూడా అడిగే నైతిక బలం మనకు వస్తుంది.

ప్రతి మహల్లాలోనూ చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురు పూనుకుంటే కొన్ని పనులు నెల రోజుల్లో జరుగుతాయి. వీధిలో బడికి వెళ్లని ప్రత్యేక అవసరాల పిల్లలెందరో గౌరవంగా విచారించడం, సదరం స్లాట్ బుక్ చేసిపెట్టడం, శిబిరం రోజున తల్లీబిడ్డలను తీసుకెళ్లడం, ఫారం నింపిపెట్టడం వంటివి వారు చేయగలరు. అర్హులైన కుటుంబాలకు జకాత్ నుంచి, ఇతరులకు సదకా నుంచి ఆటో ఛార్జీలు, వినికిడి యంత్రం బ్యాటరీలు సమకూర్చవచ్చు. చందా ఇచ్చి ఫొటో దిగడం కన్నా ఒక తల్లి వెంట ఆసుపత్రి వరుసలో మూడు గంటలు నిలబడటం ఎక్కువ విలువైన సేవ.

సోదర సోదరీమణులారా! "మా తర్వాత వీడికి దిక్కెవరు?" అన్నది ఈ తల్లిదండ్రుల గుండెల్లో రాత్రింబవళ్లు మెలిపెట్టే ప్రశ్న. దానికి పూర్తి సమాధానం మనవద్ద లేదు, అది అల్లాహ్ చేతిలోనే ఉంది. మన చేతిలో ఉన్నది ఇంతే: తన పేరు తాను చెప్పగల, తన అన్నం తాను తినగల, నొప్పి ఎక్కడుందో చూపగల, బస్సు నంబరు చదవగల, సలామ్‌కు బదులు చెప్పగల బిడ్డగా అతణ్ణి తీర్చిదిద్దడం. వాటిలో ఏ ఒక్కటి నేర్చుకున్నా రేపటి అతని ఆధారపడటం అంతమేరకు తగ్గుతుంది. వాటిని నేర్పే చోటు మీ వీధి చివరనే ఉంది. కొత్త విద్యా సంవత్సరంలో బడి గేటు తెరిచిననాడు మిగతా పిల్లలతో పాటు ఆ బిడ్డ చేయి కూడా పట్టుకుని నడవండి.

అల్లాహ్ మన బిడ్డలందరికీ మేలైన జ్ఞానం ప్రసాదించుగాక. వారిని మనకు అప్పగించిన అమానత్‌గా గుర్తించి నెరవేర్చే సద్బుద్ధిని, ప్రళయదినాన వారి విషయంలో తలెత్తుకుని బదులు చెప్పగల భాగ్యాన్ని మనకు అనుగ్రహించుగాక. ఆమీన్.